డిక్కీలో మగ్గం

దేవవ్వ కాపురానికి వచ్చిన ఏడు ఆ ఇంట్లో రెండు మగ్గాలు ఉండేవి. ఒకటి మొగుడు సిద్దిరాములుది, ఒకటి ఆమె వెంట వచ్చింది. ఆరేండ్లు తిరిగేసరికి అందులో ఒకటిన్నర మగ్గం మోటరైపోయింది.

సిరిసిల్లలో పద్మశాలీల వాడకట్టు వాళ్ళది. దేవవ్వ బాపుకు కొడుకులు లేరు. కండ్లు ఆనక పని మానుకున్ననాడు ఆయన తన మగ్గాన్ని విప్పి కచ్చరం బండిలో వేసి బిడ్డ వెంట పంపించాడు. నేసిన బట్ట చుట్టుకునే దూలం లక్సెట్టిపేట అడవి టేకుది. ముప్పై ఏండ్లు బట్ట రాసుకుని రాసుకుని చెయ్యి వేస్తే జారేటంత నున్నగా అయింది. ఆడమనిషి నూలు కండెలు చుట్టాలె గాని మగ్గం గుంటలో దిగి నేసుడేందని వాడకట్టు మూతి తిప్పింది. నలుగురిలో దేవవ్వకు నోరు పెగలదు. గుంటలో దిగి, గోడవైపు మొహం పెట్టి, తన పని తాను చేసుకునేది.

ఆమెకు ఉన్న బాధల్లా వీధి వీపు వెనక ఉండడం. ఎవరు పోతున్నారో చెప్పుల చప్పుడును బట్టి పోల్చుకోవాలి. పొద్దు మూరెడెక్కగానే కిర్రుకిర్రుమంటూ ఒక జత పోయేది. ఎవరో లావుపాటి మనిషి, ఆయాసం ఉన్నవాడు, అని ఆమె అనుకునేది. వెనక్కి తిరిగి చూస్తే పోగు తెగుతుందని చూడలేదు.

సిద్దిరాములు చెడ్డవాడు కాదు. తాగడు, అరవడు. చేతిలో ఏదో ఒకటి విప్పి బిగించకపోతే మాత్రం ఉండలేడు. వీధి ఎగువన ఉండే భూమన్న గొడుగు బాగుచేస్తే ఆ గొడుగు మూసుకోవడం మానేసింది. భూమన్న దాన్ని అట్లాగే విప్పి పట్టుకుని గుమ్మంలోంచి అడ్డంగా దూరేవాడు. నేత సంఘం బీరువా గొళ్ళెం బాగుచేస్తే తాళం చెవితో పని లేకుండా పోయింది, ఎందుకంటే అది మళ్ళీ తెరుచుకోలేదు.

అలాంటి మనిషికి ఆ ఏడే ఒకనాడు దొరగారి గడి నుంచి కబురు వచ్చింది. దొర కొడుకుకు ఒక మోటరు ఉండేది. రెండే సీట్లు, పొడుగు మూతి, పైన మడతపెట్టే గుడ్డ కప్పు. వెనక డిక్కీ మూత ఎత్తితే అందులో ఒక మనిషి కాళ్ళు కిందికి పెట్టి కూర్చునే గుంట. ఒకప్పుడు పందాల్లో ఉరికిన బండి అని చెప్పుకునేవారు. ఇప్పుడు కప్పు చిరిగింది, దానికి దిట్టమైన గుడ్డ నేసి తెమ్మన్నారు. సిద్దిరాములు జంట పోగు పెట్టి నెల రోజులు నేశాడు. గుడ్డ భుజాన వేసుకుని పోతే గడికి తాళం ఉంది. అరుగు మీద గుమాస్తా ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"దొరలు పట్నం పోయిండ్రు. ఇగ రారు," అన్నాడు గుమాస్తా.

"మరి కప్పో?"

"కప్పు నీ దగ్గర ఉన్నది. మిగిలింది నా దగ్గర ఉన్నది. కప్పు లేని మోటరు నేనేం జేసుకోవాలె? నువ్వే తీస్కపో, గడి ముందట జాగన్న ఖాళీ అయితది."

అట్లా నెల రోజుల గుడ్డ వృథా పోకూడదని సిద్దిరాములు మోటరు తెచ్చుకున్నాడు. రెండెడ్లు ముందర గుంజితే, వాడకట్టు పోరగాండ్లందరూ వెనక నూకితే, అది మూతి మానేరు వాగు దిక్కు పెట్టి ఇంటి ముందర ఆగింది. సిద్దిరాములు తల్లి ఐలవ్వ గడప మీదనుంచి చూసింది.

"గుడ్డ మిగిల్తె అంగి కుట్టిస్తరు కొడుకా. దాని కిందికి మోటరు తెస్తరా ఎవలన్న?"

"జర ఆగవే అవ్వా. దసరాకు నిన్ను ఏములాడ రాజన్న దగ్గరికి తీస్కపోత."

ఏ దసరాకో ఆయన చెప్పలేదు.

ముందుగా కప్పు బిగించాడు. కొత్త గుడ్డకు గంజి పెట్టకుండా ఏ సాలోడూ వదలడు గనుక, జొన్న గంజి చిక్కగా కాచి కప్పుకు రెండు పూతలు పెట్టాడు. కప్పు డప్పులా మోగింది. వాన పడ్డనాడు ఆ గంజంతా కరిగి సీట్ల మీదికి కారింది. తెల్లారేసరికి వాడకట్టులోని మేకలన్నీ మోటరులో ఉన్నాయి. రెండు సీట్ల బండిలో పదకొండు మేకలు పట్టడం చూసి భూమన్న, "బస్సుకంటే నయమే తమ్మీ," అన్నాడు.

తరువాత రేడియేటరు కారడం మొదలుపెట్టింది. ఇల్లంతా వెతికినా ఆ చిల్లికి అతుకు దొరకలేదు. చిల్లులు పూడ్చడానికి సిద్దిరాములుకు తెలిసిన మందు ఒక్కటే. రేడియేటరులోనూ గంజి పోశాడు. చిల్లి నిజంగానే పూడింది. ఒక దసరానాడు ఇంజను స్టార్టయి తమలపాకు నమిలినంతసేపు మోగింది. అంతసేపట్లో లోపలి గంజి ఉడికి, అంబలి వాసన వీధంతా కమ్ముకుంది. మేకలు మళ్ళీ వచ్చాయి. సిద్దిరాములు ఆ సంతోషంతో మూడు రోజులు అన్నం తినలేదు.

ఇక ఆగలేదు. తలుపు ఊడితే తన మగ్గం పలకలు కోసి తలుపు చేశాడు. సీటు కుంగితే మగ్గం గుంజలు అడుగున పెట్టాడు. పోయినేడు సంఘం తనిఖీకి వచ్చినాయన మగ్గం చూపమంటే సిద్దిరాములు మోటరు తలుపు చూపించాడు. ఆ మగ్గం నంబరు అప్పుడే కొట్టేశారు.

తరువాత ఆయన చూపు దేవవ్వ మగ్గం మీద పడింది. ఆమె వాగుకు బట్టలు పట్టుకుపోయి వచ్చేసరికి ఏదో ఒకటి కనబడేది కాదు. మోటరు కాలి పైడళ్ళు విరిగితే మగ్గం కాలి చెక్కలు రెండూ అక్కడికి పోయాయి. గేరు కడ్డీకి పిడి లేదని, అడ్డపోగు దాటించే నాడె పోయింది. ఆఖరికి వెనక బంపరు జాగాలో బాపు టేకు దూలం కనబడింది.

"ఏందయ్యా, నా దూలం?" అన్నది దేవవ్వ మెల్లగా.

"ఎటు పోయిందే? ముందటనే ఉన్నది గద. కండ్ల ముందట ఉంటే పోయినట్టా?"

"రేపు మగ్గం ఎక్కాలంటె?"

"ఊడదీసి ఇస్త. నీ ముచ్చటకు మించి నాకు మోటరా?"

కాని కమ్మరి లచ్చయ్య వాటికి ఎర్రగా కాల్చిన ఇనుప శీలలు కొట్టి పెట్టాడు. అవి ఊడాలంటే మళ్ళీ లచ్చయ్యే రావాలి. పోగులు ఎత్తి దించే అచ్చులూ, నేత బిగించే పన్నే మాత్రం ఇంట్లోనే మిగిలాయి, మోటరులో ఎక్కడా ఇమడలేదు గనుక.

మోటరు నుంచి వాడకట్టుకు ఒక్క లాభం జరిగింది. నిలువు పోగుల పడుగు సాగదీసి గంజి పెట్టడానికి వీధికి రెండు కొసలా గట్టి గుంజ కావాలి. కదలని గుంజలు దొరకడం కష్టం. సిద్దిరాములు మోటరును మించి కదలనిది ఏముంది? అందరూ పడుగులు తెచ్చి దాని వెనక దూలానికే కట్టేవారు. దేవవ్వ కూడా అక్కడే కట్టేది. తన దూలానికి తన పడుగు కట్టడానికి వీధిలోకి రావలసి వచ్చిందే అని నవ్వు వచ్చేది, ఏడుపూ వచ్చేది.

ఆమెకు ఆ మోటరులో నచ్చింది ఒక్కటే. సీటు ముందర పైన బిగించిన చిన్న అద్దం. ఎవరూ లేనప్పుడు సీటులో కూర్చుని అందులోకి చూసేది. వెనక వీధి మొత్తం అందులో ఉండేది.

రాష్ట్రాలు కలిసిన మరుసటి ఏడు అది. సంఘం నుంచి మళ్ళీ కబురు వచ్చింది. పదిహేడో నంబరు, అంటే దేవవ్వ మగ్గం, వచ్చే గురువారం, బేస్తారం నాడు, చూస్తారు. ఇనస్పెక్టరు కండ్ల ముందర మూరెడు బట్ట నెయ్యాలి. మగ్గం సొంత జాగలో ఉండాలి, హద్దు దాటి ఉంటే లెక్కలోకి రాదు. నేసి చూపితే ఏడాదంతా నూలు. లేకపోతే ఆ ఇంటికి ఇంకో నంబరు లేదు, నూలు రాదు, నేసే చెయ్యి కూలికి పోవలసిందే.

"బేస్తారం దాంక యాళ్ళ ఉన్నది," అన్నాడు సిద్దిరాములు. "లచ్చయ్య ఏములాడ పోయిండు, మంగళారం వస్తడు. శీలలు కోపిస్త."

ఇనస్పెక్టరు సోమవారమే వచ్చాడు.

పొద్దున దేవవ్వ పడుగు వీధిలో సాగదీసి ఉంది. ఒక కొస మోటరు దూలానికి, ఇంకో కొస నలభై గజాల ఎగువన భూమన్న ఇంటి రాతి గుంజకు. అచ్చుకు పోగులు నిన్ననే అతికి పెట్టుకుంది. గంజి అప్పుడే ఆరింది. సంఘం జవాను పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"సార్ వస్తుండు! కోస్తా దిక్కు సార్. మొగులయ్య ఇంట్ల చాయ్ తాగుతుండు. ఆ తర్వాత మీదే!"

సిద్దిరాములు మోటరు కింద దూరి శీలలు గుంజాడు, సుత్తెతో కొట్టాడు. ఊడొచ్చింది నాడె ఒక్కటే, దాన్ని సుతిలి తాడుతో కట్టాడు గనుక. లేచి నిలబడి నాడెను రెండు చేతులా పట్టుకుని, దేవవ్వ దిక్కు చూడకుండా నిలబడ్డాడు.

"తప్పయింది దేవీ."

ఐలవ్వ నెత్తి కొట్టుకుంది. "మోటరు తిని బతుకుదాం తియ్యి కొడుకా. గంజి పోసినవ్ గద దాంట్ల, ఒక్క పూటకొస్తది!"

దేవవ్వ మోటరును చూస్తోంది. దూలం అక్కడే ఉంది. పడుగు దానికే కట్టి ఉంది. దూలం వెనక మనిషి కాళ్ళు వేలాడేసుకుని కూర్చునే గుంట ఉంది. ఇంట్లోని మగ్గం గుంట కన్నా అది ఒక జానెడు లోతు తక్కువ, అంతే.

"డిక్కీ మూత ఎత్తు," అన్నది.

"ఎందుకే?"

"ఎత్తయ్యా!"

పెండ్లయినప్పటి నుంచి ఆమె ఆయన మీద గొంతు లేపింది అదే మొదటిసారి. మూత ఎత్తాడు. కప్పు ఇనుప బద్దలు వెనక్కి లేపి, వాటికి అచ్చులూ పన్నే వేలాడగట్టారు. అచ్చుల కింది తాళ్ళు డిక్కీ అడుగున తుప్పు తిన్న బొక్కలోంచి దింపి, మోటరు పొట్ట కిందుగా ముందుకు గుంజి, సీటు ముందరి కాలి చెక్కలకు కట్టారు. ఒక చెక్క క్లచ్చు, ఒక చెక్క బిరేకు.

దేవవ్వ కొంగు బిగించి డిక్కీలో దిగింది. మొహం వీధి దిక్కు. జన్మలో మొదటిసారి వీధికి ఎదురుగా నెయ్యాలి. వాడకట్టంతా చూస్తోంది. ఆమె తల వంచుకుంది.

"నేను తొక్కుత," అన్నాడు సిద్దిరాములు సీటులో కూర్చుంటూ. "కని నీ నాడె ఎప్పుడు దాటిందో నాకెట్ల ఎరుకైతది?"

"అద్దంల చూడు."

ఇనస్పెక్టరు గొడుగు మూసి, కాగితాల సంచి చంకన పెట్టుకుని వచ్చాడు. మర్యాదస్తుడు. మోటరు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"పదిహేడో నంబరు మగ్గం చూడాలండీ."

"గిదే సార్," అన్నాడు సిద్దిరాములు సీటులోంచి.

"ఇది కారు కదండీ?"

"ముందట కారు సార్. ఎనక మగ్గం."

ఇనస్పెక్టరు కాగితం తీసి చదువుకున్నాడు. "గుంట మగ్గమా, నిలువు మగ్గమా?"

"గుంట మగ్గమే సార్," అన్నాడు భూమన్న, ఆ మాట తనకు మాత్రమే తెలిసినట్టు.

ఇనస్పెక్టరు టేపు తీసి డిక్కీ లోతు కొలిచాడు. రాసుకున్నాడు. వీధి అంచున హద్దురాయి ఎక్కడో చూశాడు. మోటరు ముందు చక్రానికీ ఆ రాయికీ నడుమ నాలుగడుగులు. "హద్దు లోపలే ఉంది. కానివ్వండి, మూరెడు."

సిద్దిరాములు ఎడమ కాలు తొక్కాడు. పోగులు నోరు తెరిచాయి. నాడె దాటింది. కుడికాలు తొక్కాడు. నాడె వెనక్కి వచ్చింది. రెండేండ్లుగా మగ్గం ఎక్కని కాళ్ళు దారి మరిచిపోలేదు. టకా టకా, టకా టకా. దేవవ్వ పన్నె గుంజి కొడుతుంటే వేలెడు బట్ట, బెత్తెడు బట్ట లేచింది. వాడకట్టు మూతి తిప్పడం ఆపి చూస్తోంది.

అప్పుడు మేక వచ్చింది.

పడుగుకు పెట్టిన గంజి వాసన దానికి తెలుసు. భూమన్న ఇంటి పక్కనుంచి దిగి పోగుల కింద తల పెట్టి నాకింది. ఐలవ్వకు కండ్లు తిరిగినంత కోపం వచ్చింది. చేతికందిన రాయి తీసి విసిరింది. మేక ఉరికిపోయింది. ఐలవ్వ తీసిన రాయి మోటరు వెనక చక్రం కింద ఆరేండ్లుగా ఉన్న రాయి.

వీధి మానేరు దిక్కు వాలు. సిద్దిరాములు బిరేకు చెక్క తొక్కినప్పుడు మోటరు ఆగింది. కాలు మార్చి క్లచ్చు చెక్క తొక్కగానే జొన్నగింజంత ముందుకు జరిగింది. మళ్ళీ బిరేకు, ఆగింది. మళ్ళీ క్లచ్చు, జరిగింది. రెండు పేకలకు, అంటే నాడె పోయి వచ్చేసరికి, ఒక జొన్నగింజ. ఆరేండ్లు ఒక్క అంగుళం కదలని మోటరు, మూరెడు బట్ట కోసం బయలుదేరింది.

"కొడుకా, ఆపు! పోతున్నది!" అని అరిచింది ఐలవ్వ.

"ఆపితే బట్ట ఆగుతదే అవ్వా! బిరేకు మీదనే కాలు పెడితే రెండో నోరు ఎట్ల తెరుస్తది?"

భూమన్న గాభరాపడి ఎగువకు ఉరికి, పడుగు బిగుసుకుపోతోందని తాడు ముడి విప్పి, కొంచెం కొంచెం వదలసాగాడు. మగ్గం నడుస్తుంటే పడుగు వదలాలన్నది ఆయనకు పుట్టినప్పటి నుంచి తెలిసిన పని. ఆయన వదిలినకొద్దీ మోటరు పోతోంది. ఇనస్పెక్టరు పక్కన నడుస్తూ టేపు పట్టుకుని కొలుస్తున్నాడు.

"ముప్పావు మూర అయిందండీ. కాని హద్దు దగ్గరకొస్తోంది. దాటితే నేను రాయలేను, రూలు అది."

దేవవ్వ చెయ్యి ఆగలేదు. ముందు చక్రం ఆమెకు కనబడదు, వీపు వెనక ఉంది. సిద్దిరాములు అద్దంలోంచి ఆమెను చూస్తూ, "జానెడే ఉన్నదే! ఒక్క జానెడు!" అన్నాడు. ఆమెకు ఎదురుగా కనబడేది పడుగు, ఆ కొసన భూమన్న. ఆ పడుగులో నెల రోజుల నూలు ఉంది. బిగించి కడితే అవి తెగవచ్చు, అతకడానికి ఇంకో నెల; తెగకపోతే మోటరు ఆ జానెడులోనే ఆగుతుంది. ఆమె తల పైకెత్తింది. వాడకట్టంతా తన మొహం దిక్కే చూస్తోంది.

"భూమన్న మామా! తాడు వదలకు! గుంజకు కట్టెయ్!"

అంత గొంతు ఆ మనిషిలో ఉందని ఎవరికీ తెలియదు. భూమన్న ఉలిక్కిపడి, తాడును రాతి గుంజకు మూడు చుట్లు తిప్పి ముడి వేశాడు. మోటరు మరొక్క బెత్తెడు జరిగింది. రెండువేల పోగులు ఒక్కసారి బిగుసుకుని తంబూరాలా మోగాయి. ఎక్కడో ఒకటి టప్పుమంది. ఇంకొకటి. ఇంకొకటి. దేవవ్వ లెక్కపెట్టింది. ఏడు. తరువాత ఎనిమిదోది తెగలేదు.

మోటరు ఆగింది. పందాల్లో ఉరికిన ఇనుపబండిని సాలోళ్ళ నూలు పోగులు గుంజి పట్టుకుని నిలబెట్టాయి. ముందు చక్రానికీ హద్దురాయికీ నడుమ భూమన్న చెప్పు పడుతుంది, అంతే.

"ఏంజూస్తున్నవ్? తొక్కయ్యా!" అన్నది దేవవ్వ.

సిద్దిరాములు తొక్కాడు. పోగులు తీగల్లా బిగిసి ఉన్నాయి, నోరు తెరవడమే కష్టం. దేవవ్వ నాడెను నెట్టి నెట్టి దాటించింది. నుదుటి చెమట కండ్లలోకి కారినా తుడుచుకోలేదు. చివరి పేక కొట్టాక ఇనస్పెక్టరు వంగి, బట్టను వేళ్ళ మధ్య నలిపి, మూర వేసి చూశాడు.

"మూరా రెండు వేళ్ళు. చిక్కగా ఉంది. నేను ఇంత బిగువు నేత చూడలేదు." కాగితం మీద చాలాసేపు ఏదో రాశాడు. ఆఖరికి తల గోక్కుంటూ, "మగ్గం పొడవు అనే చోట ఏం రాయమంటారు? హెడ్‌లైట్లతో కలిపా, విడిగానా?" అన్నాడు.

"విడిగనే సార్," అన్నాడు సిద్దిరాములు వినయంగా. "అవి వెలగయి."

పదిహేడో నంబరు మిగిలింది.

మంగళవారం లచ్చయ్య వచ్చాడు. ఎవరూ అడగకముందే సిద్దిరాములు తానే ఉలి పట్టుకుని శీలలు కోయించాడు. టేకు దూలాన్ని భుజాన పెట్టుకుని తానే లోపలికి మోశాడు. కాలి చెక్కలు గుంటలో బిగించాడు. మగ్గం పూర్తయ్యాక మోటరుకు వెనక బంపరు లేదు, తొక్కడానికి పైడళ్ళు లేవు, గేరు పిడి లేదు. అయినా అది వీధిలో గుంజగా పనికొస్తూనే ఉంది. భూమన్న ఈసారి నాలుగు చక్రాలకూ రాళ్ళు పెట్టాడు, ఐలవ్వకు అందకుండా సున్నంతో అతికించి.

బుధవారం పొద్దున సిద్దిరాములు మోటరులో కూర్చుని పైకి చూసి కంగారుగా లోపలికి వచ్చాడు.

"దేవీ, బండి అద్దం కనబడ్త లేదు. మ్యాకలు తినె గిట్ల..."

దేవవ్వ గుంటలో కూర్చుని ఉంది, గోడవైపు మొహం పెట్టి. ఎదురుగా గోడకు, తల ఎత్తితే కనబడేటట్టు, చిన్న అద్దం బిగించి ఉంది. నాలుగు శీలలూ వంకరగా ఉన్నాయి. ఆమె తానే కొట్టుకుంది.

"గది నా బండి అద్దం గదనే!"

"గా మోటరుకు అద్దమెందుకయ్యా? దాని ఎనక ఎవలొస్తరు?"

సిద్దిరాములు ఆలోచించాడు. నిజమే, ఎవరూ రారు. ఆయన సుత్తె తెచ్చి, వంకర శీలలు రెండు సరిచేసి, కొంచెం దూరం నిలబడి చూసి, ఇంకో శీల కొట్టాడు.

పొద్దు మూరెడెక్కింది. వీధిలో కిర్రుకిర్రుమంటూ చెప్పులు వచ్చాయి. దేవవ్వ చెయ్యి ఆపకుండా కండ్లు మాత్రం ఎత్తి అద్దంలోకి చూసింది. లావుపాటి మనిషి కాదు, ఆయాసమూ లేదు. పుల్లలాంటి, ఉత్తరాలు పంచే టపా ఆయన, తనకన్నా రెండింతలు పెద్ద చెప్పులు ఈడ్చుకుంటూ, మోటరులో ఎవరూ లేరని రూఢి చేసుకుని, దాని హారను ఒకసారి నొక్కి చూసి పోయాడు.

ఆమె నవ్వు ఆపుకుని నాడె వేసింది.